గాజుపెట్టెలో ముత్యాలు

ముత్యాలు కాలు పిక్కదాకా నల్లబడింది. భద్రాచలం అడవిలో తునికాకు కోస్తుంటే వెదురు మోడు పాదంలో దిగింది. ఏదో ఆకుపసరు కట్టుకుని కోత ముగిసేదాకా అలాగే తిరిగాడు, మొండిమనిషి. ఖమ్మం ఆసుపత్రిలో కుళ్లిన కండ కోసేశారు. ఇక గాజుగొట్టం లాంటి యంత్రంలో పడుకోబెట్టి, ఒత్తిడి పెంచి ఆక్సిజన్ పట్టిస్తే కాలు దక్కవచ్చు, లేదంటే తొడదాకా తీసేయాల్సిందే అన్నాడు డాక్టరు.

యంత్రాన్ని చూడగానే ముత్యాలు బిగుసుకుపోయాడు. శవాన్ని ఉంచే ఫ్రీజరు పెట్టె తప్ప అలాంటిది అతనెన్నడూ చూడలేదు.

"సావకముందే పెట్టెల వెడ్తరా? నేను పోను."

భార్య రామక్కకు ఏడుపొక్కటే తక్కువ. కాలు పోతే అడవి పోయినట్టే. అడవి పోతే వాళ్లకింకేం మిగులుతుంది? వాళ్లింట్లో కొత్త చోటికి వెళ్లేవాళ్లకు నడినెత్తినా రొమ్మునా ఇప్పనూనె రాసి పంపుతారు. ఆమె సంచిలోంచి సీసా తీసి, ఎవరూ చూడకుండా మొగుడికి పట్టించింది.

"గిప్పుడు నీకేం గాదు. పో."

అతను చిన్నపిల్లాడిలా తలూపాడు.

యంత్రం నడిపే అరుణశ్రీ బట్టలు మార్పించి అడిగింది. "నూనె గిట్ల ఏమన్న రాసిండ్రా?"

"లేదమ్మా," అంది రామక్క. నిజం చెబితే తుడిపిస్తారు. తుడిస్తే అతను లోపలికి వెళ్లడు. ఆ కుళ్లు వాసనలో ఇప్పనూనె వాసన ఎవరికి తెలుస్తుంది?

మూత బిగించారు. గాలి బుసబుసమంటూ నిండుతోంది. ముత్యాలు కళ్లు మూసుకుని కదలకుండా పడుకున్నాడు. రామక్క ప్రాణం కుదుటపడింది.

"నూనంటే గంత భయమేందమ్మా?" అని ఊరికే అడిగింది.

"లోపలంత ఆక్సిజనే గదక్కా. నూనె ఉంటే భగ్గుమంటది. మనిషి బూడిదే."

రామక్క యంత్రం దగ్గరికి పరుగెత్తింది. "ఆపు తల్లీ! నేను రాసిన! జల్దీ తియ్యి!" అంటూ గాజు మీద గుద్దింది.

ముత్యాలు కళ్లు తెరిచాడు. పెళ్లాం గాజు బాదుతూ ఏడుస్తోంది. ఏమంటోందో వినబడదు. ఒత్తిడి మెల్లగా దించితే గాని మూత తెరవకూడదు. అంతసేపూ లోపల అరుస్తూ తన్నుకున్నాడు. బయటికి తీశాక ఒళ్లు కడిగించారు, బతిమాలారు, తిట్టారు. చంపినా మళ్లీ ఎక్కనన్నాడు. తెల్లారేసరికి నలుపు మోకాలు దాటింది. తొడ దగ్గర కోసేశారు.

ఇప్పుడు పలకరించడానికి ఎవరొచ్చినా ముత్యాలుది ఒకటే మాట. "రామక్క గుద్దకపోతే ఆ పెట్టెలనే సచ్చేటోణ్ణి. నన్ను బతికిచ్చింది."

వచ్చినవాళ్లు ఆమెను మెచ్చుకుంటారు. ఆ మెప్పు కన్నా నాలుగు తన్నినా బాగుండుననిపిస్తుంది రామక్కకు. "గంతే గదా రామక్కా?" అంటాడు ముత్యాలు, ఆమె చెయ్యి పట్టుకుని.

"అవ్," అంటుంది.