కప్ప లిల్లీ మచ్చలు

మా ఆయనకు మరక కనిపిస్తే ఒళ్లు మండుతుంది. ఆయనది డ్రైక్లీనింగ్ కొట్టు, దాని మీదే మా ఇల్లు. ఎవరింటికి వెళ్లినా మనిషి ముఖం కన్నా ముందు చొక్కా చూస్తారు. అది కాఫీ మరకో, సిరా మరకో తేల్చుకునేదాకా మాట కలపరు.

కొట్టు వెనక రెండు గోడల మధ్య సన్నటి జాగా ఉంది. ఎండ అటువైపు తొంగి కూడా చూడదు. అక్కడ బట్టలారబెట్టే మిషను పెట్టాలని ఆయన ఉబలాటం. ఈలోపే మా అత్తయ్య దాన్ని ఆక్రమించుకున్నారు. చేతులు వణకడం మొదలయ్యాక ఆవిణ్ణి ఇస్త్రీపెట్టె ముట్టుకోనివ్వలేదు మేము. కూర్చోబెట్టి ఇంత తిండి పెడితే చాలనుకున్నాం. ఆవిడ అలిగి, పార పట్టుకుని వెనక్కి వెళ్లిపోయారు.

నాటింది టోడ్ లిల్లీ. ఆవిడ దాన్ని కప్ప లిల్లీ అంటారు. తోడుగా ఫెర్నులూ, వెడల్పాటి ఆకుల హోస్టాలూ పెట్టారు.

"హోస్టా నేలని చల్లగా కప్పి ఉంచుతుంది. నత్తలొచ్చినా ముందు దాన్నే తింటాయి. లిల్లీ హాయిగా ఉంటుంది," అన్నారు.

"అంటే చాకిరీ ఒకరిది, సోకు ఇంకొకరిది," అన్నాను నేను.

"నీకు మొక్కల సంగతి బాగానే తెలుసే!"

చలి తగ్గగానే లిల్లీ చిగురించింది. లేత ఆకుల నిండా ముదురు మచ్చలు. ఇంకేముంది, మా ఆయన దూదీ, మరకల మందూ పట్టుకొచ్చి రుద్దేశారు. సాయంత్రానికి ఆ ఆకులు మాడిపోయాయి.

"వాటి పుట్టుకే అంతరా! నీ మెడ మీద పుట్టుమచ్చని నేనెప్పుడైనా రుద్దానా?" అని అత్తయ్య కయ్యిమన్నారు.

ఆయనకూ రోషం వచ్చింది. మళ్లీ చలి ముదిరేలోగా పువ్వు కనిపించకపోతే అక్కడ సిమెంటు పోయిస్తానన్నారు. వేసవి పోయింది, వానలు పోయాయి. వీధిలో మొక్కలన్నీ పూసి రాలిపోయినా కప్ప లిల్లీ ఉలకలేదు, పలకలేదు. అత్తయ్య రోజూ వంగి మొగ్గల కోసం వెతికేవారు. ఆ జాగా పోతే ఆవిడకి మళ్లీ కుర్చీయే గతి.

చివరికి మేస్త్రీ రానే వచ్చాడు. ఇసుకా సిమెంటూ గోడవార దింపాడు. అత్తయ్య మాత్రం నిబ్బరంగా నిలబడ్డారు.

"పోయించరా. కానీ పువ్వు పూసింది, చూసి పోయించు."

"ఏదీ? నాకేం కనపడట్లేదే!"

"నిలబడి చూస్తే కనపడదు. వంగు."

ఆయన విసుక్కుంటూనే వంగారు. ఆకు సందున చిన్న తెల్ల పువ్వు, దాని నిండా ఊదారంగు మచ్చలు. ఆయన కళ్లు మెరిశాయి. లోపలికి పరిగెత్తి మరకలు చూసే భూతద్దం తెచ్చుకుని మోకాళ్ల మీద కూలబడ్డారు.

"సిరా కాదు. సిరా అయితే అంచులు పాకేవి. పండ్లరసమూ కాదు. ఒక్కటీ పాకలేదు!"

"సార్, సిమెంటు కలపమంటారా?" అన్నాడు మేస్త్రీ.

"ఉండవయ్యా!"

ఆయన చెయ్యి పువ్వు వైపు వెళ్లింది. ఎక్కడ దూది తెమ్మంటారోనని నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. వెళ్లిన చెయ్యి మెల్లగా వెనక్కి వచ్చింది.

"అమ్మా, ఇన్నేళ్లలో నేను ఒక్క మరకనీ ఉండనివ్వలేదు. వీటిని మాత్రం ముట్టుకోబుద్ధి కావట్లేదే."

అత్తయ్య కళ్లు తుడుచుకున్నారు. కానీ ఆవిడ తేరుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఎలాగూ మోకాళ్ల మీదున్నావు, ఆ పక్కన గడ్డి కూడా పీకెయ్. మేస్త్రీ, ఆ సిమెంటుతో ఇక్కడ నాకో చిన్న అరుగు కట్టు."

"మరి మిషను ఎక్కడ పెడతారు?" అన్నాను ఉండబట్టలేక.

తల్లీ కొడుకూ ఒకేసారి నా వైపు చూశారు.

"మీ పడగ్గదిలో చోటుందిగా," అన్నారు అత్తయ్య. ఆయన గడ్డి పీకుతూ తల ఊపారు.

హోస్టాకి నత్తలు పట్టడమంటే ఏమిటో నాకప్పుడు బాగా తెలిసొచ్చింది.