అందరూ మెచ్చిన అరుగు

మా పేటను బాగు చేస్తామని వచ్చినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. ఆ మాట ముందే చెప్పేస్తే నా కడుపుమంట కాస్త చల్లారుతుందేమోనని చెబుతున్నాను. చల్లారడం లేదు.

సందు మొదట్లో ఉన్న ఒంటిగది ఇల్లు మాది. అమ్మ ఇస్త్రీ చేస్తుంది. బల్ల తలుపు పక్కనే ఉంటుంది, దాని ముందు వెడల్పాటి అరుగు. మధ్యాహ్నం దాటితే ఎదురింటి నీడ దాని మీద పడుతుంది. బట్టలిచ్చేవాళ్లు, తీసుకెళ్లేవాళ్లు, ఏ పనీ లేనివాళ్లు అందరూ అక్కడే చేరతారు. అత్తాకోడళ్ల తగువులు అక్కడే తెగుతాయి. వినేదీ, తీర్పు చెప్పేదీ అమ్మే. చేతిలో ఇస్త్రీ పెట్టె మాత్రం ఆగదు.

ఆ వచ్చినవాళ్లు మీటింగు పెట్టి, కమ్యూనిటీ హాలు గోడకు పేట మ్యాపు అతికించారు. ప్లాను గీసే అమ్మాయి అందరికీ ఆకుపచ్చ స్టిక్కర్లు పంచి, పేటలో మీకు బాగా ఇష్టమైన చోట అంటించండి అంది. మావాళ్లకు మొహమాటం జాస్తి. అమ్మ పక్కనే నిలబడి చూస్తుంటే ఇంకెక్కడ అంటిస్తారు? ముందు టైలరు అత్త మా అరుగు మీద అంటించింది. ఆ వెనక మిగతావాళ్లూ అంతే. చివరికి స్టిక్కర్ల కింద మా ఇల్లే కనబడలేదు. అమ్మ మొహం వెలిగిపోయింది. తన వంతు వచ్చాక తనూ అక్కడే అంటించి, సిగ్గుపడుతూ నవ్వింది.

తర్వాతి మీటింగుకు రంగుల బొమ్మ తెచ్చారు. మా ఇల్లున్న చోట రాతి బెంచీలు, చెట్లు, నీడకు పందిరి. మీరందరూ కోరుకున్న చోటే నలుగురూ కూర్చునే స్థలం కడుతున్నామని ఆ అమ్మాయి సంబరంగా చెప్పింది. మాకేమో కొత్త బిల్డింగులో నాలుగో అంతస్తు ఇస్తారట. అన్ని మెట్లెక్కి ఇస్త్రీకి బట్టలెవరు తెస్తారని అమ్మ అడిగితే ఆ అమ్మాయి తెల్లబోయింది. పాపం, మ్యాపులో అరుగు ఉంది గాని ఇస్త్రీ బల్ల లేదు.

"మీవాళ్లు వద్దంటే మార్చేస్తామమ్మా," అంది చివరికి. "చేతులెత్తమందాం."

నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో పక్కనున్న ఆఫీసరు గొంతు సవరించుకుని, మారిస్తే ప్లాను మళ్లీ పైకి వెళ్లాలనీ, మురుగు కాలవల పని వచ్చే ఏడాదికి పోతుందనీ చెప్పాడు. గట్టి వాన పడితే మురుగంతా మా పేట ఇళ్లలోనే ఉంటుంది.

ఇల్లు ఉండాలనేవాళ్లను చేతులెత్తమన్నారు. నేనెత్తాను. టైలరు అత్త ఒళ్లో సంచి సర్దుకుంటూ కూర్చుంది. అమ్మ ఎవరి కాపురం నిలబెట్టిందో ఆ కోడలు కిటికీలోంచి బయటికి చూస్తోంది. వాళ్లను తిట్టలేను, ఆ మురుగులో తిరిగేది వాళ్ల పిల్లలే. తిట్టకుండానూ ఉండలేను.

"ఏమనుకోకు వదినా," అంది టైలరు అత్త, అమ్మ వైపు చూడకుండానే. "నువ్వెక్కడికి పోతావు, ఈ పేటలోనేగా ఉంటావు. సాయంత్రాలు దిగొచ్చి మాతోపాటు కూర్చుందువుగాని."

అమ్మ నా చెయ్యి పట్టుకుని కిందికి దించింది. ఆమె గొంతులో కోపం లేదు. అందుకే నాకు భయమేసింది.

"ఇన్నేళ్లూ మీరంతా నా దగ్గరికొచ్చి కూర్చుంటున్నారనుకున్నాను వదినా," అంది. "అరుగు కోసం వచ్చారన్నమాట."