బూడిద గుమ్మడికి మొదటి కత్తి

జర్మనీలో, నూరెంబర్గ్ ఏషియన్ షాపులో బూడిద గుమ్మడికాయని కోసి, ప్లాస్టిక్ చుట్టి ముక్కలుగా అమ్ముతారు. ఎప్పుడూ ఒక ముక్కే కొనేదాన్ని. అత్తగారు వస్తున్నారన్న సంబరంలో మతిపోయి, నిండుకాయ కొని, రైల్లో ఒళ్ళో పెట్టుకుని ఎర్లాంగెన్‌లో మా ఇంటికి మోసుకొచ్చాను. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

అత్తగారు వెంకటరమణమ్మది అమలాపురం. కాయని చూడగానే ఆవిడ ముఖం వెలిగింది. ఇక్కడి ఎండని నమ్ముకుని వడియాలు పెట్టలేం కాబట్టి సగం పులుసులోకి, సగం హల్వాకి అన్నారు. తురిమి, నీళ్ళు పిండి, ఆ నీళ్ళలోనే ఉడికించి, పంచదార, నెయ్యి వేసి దగ్గరపడేదాకా తిప్పాలట. అంతా చెప్పి, కత్తి పక్కన పెట్టేశారు. నిండు గుమ్మడికాయకి ఆడవాళ్ళు మొదటి కత్తి పెట్టకూడదు, ఇంటి మగవాడే పెట్టాలి. విక్రాంత్‌ని రానీ అన్నారు.

విక్రాంత్ రాడు. చలికాలంలోనే నన్ను వదిలేసి డార్మ్‌స్టాట్ వెళ్ళిపోయాడు. ఆఫీసు పనిమీద వెళ్ళాడని ఆవిడతో అబద్ధం చెప్పాను. నాకు అమ్మ లేదు. జ్వరమొచ్చినా, చారు కుదరకపోయినా ఈవిడకే ఫోన్ చేసేదాన్ని. నిజం తెలిస్తే కొడుకు దగ్గరికి వెళ్ళిపోతారని భయం. మొగుడు వెళ్ళినప్పుడు కూడా ఇంత దిగులు పడలేదు.

కాలు ఒకచోట నిలవదు. వంటింట్లోకి వెళితే కాయ, హాల్లోకి వస్తే ఆవిడ. తుడిచిన గట్టునే మళ్ళీ తుడిచాను. వాడు వేళకి తింటున్నాడా అని ఆవిడ మామూలుగా అడిగితే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, రైళ్ళు ఆలస్యమని చెప్పాను. ఈ దేశంలో ఆ ఒక్క అబద్ధాన్ని మాత్రం ఎవరైనా నమ్ముతారు. కింది ఫ్లాటు ముసలాయన్ని పిలుద్దామా అన్నాను. ఆయన మనింటి మగవాడెలా అవుతాడని నవ్వారు.

మధ్యాహ్నం ఆవిడే లేచి, కాయని కడిగి, బొట్టు పెట్టి, కత్తి నా చేతికిచ్చారు.

"కొయ్యి, ఉదయా."

"ఆయన రావాలిగా, అత్తయ్యా."

"వాడు రాడని తెలుసమ్మా. అన్నీ చెప్పేడు. డార్మ్‌స్టాట్ వచ్చెయ్యమని టికెట్ కూడా పంపేడు. నేనే ఇక్కడికొచ్చేను. నీ నోటితో చెబుతావేమోనని చూసేను."

కత్తి పట్టుకున్న నా చెయ్యి మీద ఆవిడ చెయ్యి వేశారు.

"ఈ ఇంటికి మగదిక్కైనా, ఆడదిక్కైనా నువ్వే. కొయ్యమ్మా, పొయ్యి వెలిగిస్తాను."