మొదటి గంప

మా మామ ఐలయ్యకు మట్టి పిచ్చి. కోడలిని కాబట్టి మర్యాదగా మట్టి మీద ప్రేమ అనాలేమో. కానీ ఆదివారం ఊరికి వెళ్లి ఆయన బట్టలు ఉతికేది నేను. ప్రతి చొక్కా జేబులో ఒక మట్టిగడ్డ ఉంటుంది. మరిచిపోయి నానబెట్టానంటే బకెట్ నిండా బురద. అందుకే పిచ్చి అనే అంటాను.

శంకర్‌పల్లి దాటాక మాకు ఎకరం చిల్లర భూమి ఉంది. అత్త పోయాక మామ అక్కడ ఒక్కడే ఉంటున్నాడు. మేము పిల్లలతో చందానగర్‌లో కిరాయికి ఉంటాం. మా ఆయన రాజు టిప్పర్ నడుపుతాడు. నేను హైటెక్ సిటీలో ఒక అద్దాల టవర్‌లో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌ని.

ఏళ్ల తరబడి యూరియా చల్లీ చల్లీ ఆ భూమి గట్టిపడిపోయింది. వాన పడితే నీళ్లు లోపలికి దిగేవి కావు, పైపైనే జారి రోడ్డెక్కేవి. ఒక ఏడు మామ ఇక మందు సంచి ముట్టనన్నాడు. అన్నట్టే ముట్టలేదు. పంట సగానికి సగం పడిపోయింది. ఊళ్లో నవ్వని వాళ్లు లేరు. నేనూ నవ్వాను, కాకపోతే కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆయన మాత్రం ఇంటింటికీ తిరిగి పేడ అడుక్కొచ్చాడు, పచ్చిరొట్ట ఎరువుకని జీలుగ చల్లి పూతకొచ్చాక అట్లాగే కలియదున్నాడు. చివరికి నన్ను కూడా పనిలో పెట్టాడు. మా టవర్ ఆవరణలో రోజూ ఊడ్చే ఎండాకులు బస్తాలకెత్తి ఉంచితే రాజు టిప్పర్ క్యాబిన్‌లో వేసుకొని తీసుకెళ్లేవాడు. సెక్యూరిటీ వాళ్లు ప్రతి బస్తాలో చెయ్యి పెట్టి వెతికేవాళ్లు, లోపల కంప్యూటర్లు ఉన్నట్టు.

అట్లా మూడు వానాకాలాలు గడిచాయి. ఒక ఆదివారం నేను బట్టలు ఆరేస్తుంటే మామ గట్టు మీద నుంచి వచ్చి అరచెయ్యి చాపాడు. అందులో ఒక వానపాము మెలికలు తిరుగుతోంది.

"ఎర్ర వచ్చింది బిడ్డా" అన్నాడు. "భూమిల పానం వడ్డది."

ఆయన కళ్ల నిండా నీళ్లు. అత్త పోయిన రోజు కూడా ఆయన అట్లా ఏడవలేదు.

ఆ ఏడు నుంచి ఆకుకూరలు బాగా వచ్చాయి. మా టవర్‌లో సంయుక్త మేడం అని, పర్యావరణం పనులు చూసే ఆఫీసరు. ఆవిడే మాట్లాడి శుక్రవారం సాయంత్రం గేటు పక్కన బల్ల వేసుకోనిచ్చింది. మందు కొట్టని తోటకూర, పాలకూర, పుంటికూర అంటే ఐటీ వాళ్లు ఎగబడి కొనేవాళ్లు. మిగిలింది మా పిల్లల డబ్బాల్లోకి వెళ్లేది.

ఇంత జరిగినా మామకు ఒక లోటు ఉండేది. చెరువు మన్ను. ఎండాకాలం చెరువు ఎండగానే అడుగున పేరుకున్న నల్లటి పూడిక తవ్వి పొలాలకు తోలుకోవడం వాళ్ల తాతల నాటి నుంచి ఉన్న పద్ధతి. ఆ మన్ను పడితే రెండు మూడేళ్లు ఇంకే ఎరువూ అక్కర్లేదంటారు. కానీ మా ఊరి చెరువులో ఇప్పుడు ప్లాట్ల రాళ్లు పాతారు. ఇంక మన్ను ఎక్కడిది?

అదిగో, అప్పుడే రాజుకు పని దొరికింది. మియాపూర్ అవతల ఒక చెరువును బాగుచేసి చుట్టూ నడకదారి వేస్తున్నారు. పూడిక తీసి బయట పారబొయ్యడం రాజు పని. ఎక్కడ పోస్తావో నాకు చెప్పకు, పోసి రా అన్నాడట కాంట్రాక్టరు. రాజు మొదటి టిప్పర్ నేరుగా వాళ్ల నాయన దగ్గరికి తోలాడు. తండ్రికి కొత్త ధోతి తెచ్చినంత సంబరం రాజు మొహంలో.

ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. మన్ను కాటుకలా ఉంది. కంపు మాత్రం ముక్కు పగిలిపోయేట్టుంది.

"మామా, ఇదేంది గిట్ల వాసనొస్తది?" అన్నాను.

"పెంటకుప్ప గూడ కంపే గొడ్తది. అది ఏస్తలేమా?" అన్నాడు. పిడికెడు తీసి నలిపి చూశాడు. "ఎంత నల్లగున్నదో సూడు. మా నాయిన ఇసొంటి మన్ను కోసం బండి గట్టుకొని రెండూర్లవతలికి పోతుండె."

మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. చెరువు మన్ను వచ్చిన రోజు బండికి పసుపు కుంకుమ పెడతారు. మొదటి గంప, చెయ్యి మంచిదని పేరున్న పెద్దమనిషి చేత పోయిస్తారు. ఊళ్లో ఆ పేరు మా మామదే. ఎవరి పొలంలోకి మన్ను వచ్చినా ఆయన్ను పిలిచేవాళ్లు. ఆ రోజు తన మొదటి గంప తనే ఎత్తి, తూర్పు మూలన పోసి, దండం పెట్టుకున్నాడు. తర్వాత టిప్పర్లు వస్తూనే ఉన్నాయి. పొలమంతా పరిచి దున్నేశారు.

పంట చూడాలి మీరు. తోటకూర ఆకు అరచేతిని మించింది. పక్క పొలం యాదమ్మ గట్టు మీద నిలబడి గుటకలు మింగింది. మేడం అయితే మా కూర టవర్ క్యాంటీన్‌కే పెట్టిస్తానంది. కాకపోతే క్యాంటీన్ వాళ్లకు ఒక నియమం ఉంది, మట్టినీ ఆకునూ ల్యాబ్‌లో చూపించాలి. చూపించుకోండి, మా మామ మట్టికేం భయమని నేను గొప్పలు పోయాను.

రెండు వారాల తర్వాత మేడం నన్ను కిందికి పిలిచి, లిఫ్టుల పక్కకు తీసుకెళ్లి చెప్పింది.

"శ్రీలతా, కూర్చుంటారా కాస్త? మట్టిలో సీసం, కాడ్మియం చాలా ఎక్కువగా ఉన్నాయండి. ఫ్యాక్టరీల నీళ్లు చేరిన చెరువు పూడికలో ఉంటాయట. ఆకుకూరలు వాటిని పీల్చేసుకుంటాయి. తినకూడదండి, పశువులకు కూడా పెట్టకూడదు."

"మరి అంత మంచిగ ఎట్ల పండింది మేడం?"

"మురుగునీళ్లు కూడా కలిశాయి కదా, ఆ బలానికి ఏపుగా పెరుగుతుందట. చూస్తే తెలియదండి."

"ఇప్పుడేం జెయ్యాలె?"

"పైమట్టి మొత్తం తీసేసి మార్చాలంటున్నారు."

"మట్టి మార్చుడంటే దుప్పటి మార్చుడా మేడం?" అనేశాను. పాపం, ఆవిడ తప్పేముంది? ఆవిడ పాప కూడా ఆ కూరే తింది. ఆవిడ మొహం చూస్తే నాకంటే ఎక్కువ భయపడి ఉంది. నేను మా పిల్లల డబ్బాలు తలుచుకున్నాను. అక్కడే నేల మీద కూర్చున్నాను, పొద్దున నేనే తుడిపించిన నేల మీద.

మామకు ఎట్లా చెప్పాలో తెలియక బస్సులో పదిసార్లు మాటలు మార్చుకున్నాను. చివరికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన సగంలో ఆపి ఒక్కటే అడిగాడు.

"పైమట్టి దియ్యాల్నంటే, నేను జేసిన మన్ను గూడ పోతదా?"

"రెండూ కలిసిపోయినయి గదా మామా."

గడ్డపార తీసుకొని పొలంలోకి నడిచాడు. తూర్పు మూలన తవ్వాడు, తర్వాత నడిమిట్లో, తర్వాత బావి పక్కన. వానపాముల కోసం వెతుకుతున్నాడని నాకు అర్థమైంది. ఒక్కటీ లేదు. చీకటి పడేవరకు తవ్వి, ఆ గుంతల పక్కనే చతికిలబడ్డాడు. మర్నాడు పంటంతా పీకి, పశువులు ముట్టకుండా గోతిలో పూడ్చాడు. రాజును ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే రాజుకు అన్నం దిగేదేమో.

ఆ ఏడాది పొలం బీడు పడి ఉంది. పైమట్టి తీయించే తాహతు మాకెక్కడిది? తీసినా ఎక్కడ పొయ్యాలి, ఎవరి నెత్తిన?

మళ్లీ ఎండాకాలం వచ్చింది. చెరువులో మిగిలిన పూడిక తియ్యడం మొదలైంది. రాజు ఆ బండి ఎక్కనన్నాడు. అయితే ఇంటికి పో అన్నాడు కాంట్రాక్టరు. రాజు సీట్లో అదే రోజు ఇంకో డ్రైవరు కూర్చున్నాడు. వాడిని మన్ను కోసం యాదమ్మ ముందే మాట్లాడుకుందని మాకు తెలిసేసరికి ఆమె పొలం దగ్గర టిప్పర్ ఆగి ఉంది.

మేము వెళ్లేసరికి ఆమె బండికి పసుపు కుంకుమ పెడుతోంది. మామను చూసి మొహం వెలిగిపోయింది. తనంతట తానే వచ్చాడనుకుంది.

"రా అన్నా, నీకే కబురు పంపుదామనుకుంటున్న. మొదటి గంప నువ్వే పొయ్యాలె. నీ చెయ్యి మంచిది."

"యాదమ్మా, వద్దు. అది ఇషం. నా భూమి సచ్చిపోయింది, నీది సంపుకోకు."

"నీ తోటకూర నేను కండ్లార జూసిన. గప్పుడు బంగారమైన మన్ను, నాకు దొరకంగనే ఇషమైందా?"

"నా పంట నేనే పీకి బొందవెట్టిన గదనే. ఊకెనే పీకుతనా?"

"ఏమో అన్నా. పట్నపోళ్లు ఏందో జెప్తరు, నువ్వు ఇంటవు. మందులు మానుమన్నది గూడ నువ్వే, చెరువు మన్నే గొప్పదన్నది నువ్వే. ఇప్పుడు నేను ఎవరి మాట ఇనాలె?"

ల్యాబ్, సీసం అంటూ నేనేదో అరిచాను. మన్ను దింపడానికి వచ్చిన కూలీలు నన్ను చూసి నవ్వారు. యాదమ్మ గంప నింపి తెచ్చి మామ చేతుల దగ్గర పట్టుకుంది. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఊళ్లో ఏనాడూ ఎవరి గంపా కాదనని మనిషి. యాదమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గింత కుళ్లు ఉంటదనుకోలే అన్నా నీకు" అంది.

గంప ఆమే పోసుకుంది. వెనక టిప్పర్ డబ్బా పైకి లేచింది. మామ అది పూర్తిగా ఒరిగేవరకు కూడా ఉండలేదు. ఆ రోజు నుంచి ఆయన చొక్కాలు ఉతకడం సులువైంది. జేబుల్లో ఏమీ ఉండటం లేదు.

వానలు పడ్డాయి. మొన్న డ్యూటీ దిగి చందానగర్ మార్కెట్‌కు వెళ్లాను. వరసగా తోటకూర కుప్పలు, అన్నీ ఒకటే ఆకుపచ్చ.

"ఎక్కడి కూర?" అని అడిగాను.

"శంకర్‌పల్లి దిక్కుది అక్కా, మస్తు ఫ్రెష్" అన్నాడు అమ్మేవాడు.

పక్క కుప్ప దగ్గర అడిగాను. అదీ అటు నుంచే వచ్చిందట. ఆ పక్కది ఎక్కడిదో అమ్మే ఆమెకే తెలియదు. యాదమ్మ కూర ఇందులో ఉందో లేదో, ఉంటే ఏ కుప్పలో ఉందో చెప్పగలిగే వాళ్లు ఆ మార్కెట్‌లో ఎవరూ లేరు. నీళ్లు చల్లిన ఆకులు నిగనిగలాడుతున్నాయి. పక్కనున్న వంకాయలు మాత్రం ఏ మన్నులో పండాయో ఎవరికి తెలుసు? ఇంట్లో పిల్లలు ఆకలి మీద ఉంటారు.

ఒక కట్ట తీసి సంచిలో వేసుకున్నాను.