రింగు ముందంచు

గురువారం ఉదయం ఏడుంబావుకు కాలేజీ వర్క్‌షాపు మేస్త్రి ఇండోర్ హాలులో నిచ్చెనెక్కి, బాస్కెట్‌బాల్ రింగు అంచు నుంచి నేలకు టేపు వదిలాడు. మూడు మీటర్లు వచ్చింది. రావలసింది మూడు మీటర్ల ఐదు సెంటీమీటర్లు.

దిగి, టేపు చుట్టి, మళ్ళీ ఎక్కి కొలిచాడు. నిచ్చెనను హాలు రెండో కొసకు మోసుకెళ్ళి అక్కడా కొలిచాడు. అక్కడా మూడు మీటర్లే.

ఆ హాలులో కాలేజీ కుర్రాళ్ళ జట్టు ఈ సీజనులో ఐదు ఆటలు ఆడి ఐదూ గెలిచింది. బయట ఐదు ఆడి ఐదూ ఓడింది. పదకొండోది, చివరిది, శనివారం బయటి హాలులో ఉంది. అది గెలిస్తే పై రౌండు, ఓడితే సీజను సరి.

బయటి ఓటములన్నీ ఒకడి నెత్తినే పడ్డాయి. దూరం నుంచి బంతి వేసేవాడు వాడే. ఇక్కడ పది వేస్తే ఆరు పడేవి. బయట ఐదు ఆటల్లో నలభై ఒకటి వేస్తే ఏడు పడ్డాయి. మూడో ఓటమి తర్వాత కోచ్ బస్సులో అందరి ముందూ "ఇంట్లో పులి, వీధిలో పిల్లి" అన్నాడు. మర్నాటికి వాడి పేరు ఇంటిపులి అయింది. క్యాంటీనులో టీ పోసేవాడు కూడా అలాగే పిలిచాడు.

ఇంటిపులి మేస్త్రికి మేనల్లుడు, చెల్లెలి కొడుకు.

చెల్లెలు అడిగింది కాబట్టే బుధవారం ఐదో బయటి ఆటకు మేస్త్రి జట్టు బస్సెక్కాడు. వాడు అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడని, ఎవరితోనూ మాట్లాడడం లేదని చెప్పింది. "నిజంగా భయపడుతున్నాడేమో ఒక్కసారి చూసి రా, అన్నయ్యా. ఊరందరి తలుపులూ సరిచేస్తావు. మా తలుపు ఎలాగూ కిర్రుమంటూనే ఉంది, కనీసం వీణ్ణయినా చూడు."

మేస్త్రి రింగు వెనక వరసలో కూర్చున్నాడు. మేనల్లుడు ఎనిమిది బంతులు వేశాడు. ఎనిమిదీ రింగు ముందంచుకు తగిలి బయటికొచ్చాయి. తిరుగు ప్రయాణంలో కోచ్ పక్క సీటులోకి వచ్చి, శుక్రవారం అంటించే జట్టు జాబితాలో వాడి పేరు ఉండదని మెల్లగా చెప్పాడు. మీ వాడు కాబట్టి ముందే చెబుతున్నానన్నాడు.

ఆ ఎనిమిది బంతులే మేస్త్రి కళ్ళ ముందు ఉన్నాయి. కొత్తగా పనిలో చేరినవాడు చెయ్యి వణికి మేకులు కొడితే, ఒకటి అటు వంగుతుంది, ఒకటి ఇటు వంగుతుంది. కోసిన ఎనిమిది పలకలూ ఒకే కొలత పొట్టిగా వస్తే మాత్రం చేతిని అనకూడదు, కొలతబద్దను చూడాలి. వణికే చెయ్యి ఒకే చోట ఎనిమిదిసార్లు కొట్టలేదు.

అందుకే గురువారం పొద్దున్నే నిచ్చెన తీశాడు.

తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. హాలు గోడ మీద పాత నేలకు మీటరు ఎత్తున ఒక ఎర్ర గీత ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళ క్రితం ఉద్యోగంలో చేరిన నెలలో మేస్త్రే గీశాడు. ఆ సిమెంటు నేల ఎగుడుదిగుడుగా ఉండేది, టేపు పడ్డచోటల్లా ఒక లెక్క చెప్పేది. అందుకని ఏటా ఆ గీత నుంచి పైకి కొలిచేవాడు. గీత నుంచి రింగుకు రెండు మీటర్ల ఐదు సెంటీమీటర్లు ఉంటే సరిపోయినట్టే. మొన్న సెలవుల్లో సిమెంటు మీద చెక్క నేల పరిచారు. నేల ఐదు సెంటీమీటర్లు పైకొచ్చింది. పని అయ్యాక మేస్త్రి ఎప్పట్లాగే గీత నుంచి కొలిచి, సరిగ్గా ఉందని సంతకం పెట్టాడు. నేల లేచిందని తెలియక కాదు. తలుపులు తెరుచుకోవడం లేదని హాలు నాలుగు తలుపుల అడుగులూ ఐదేసి సెంటీమీటర్లు కోసింది అతనే.

ఎనిమిదింటికి కోచ్ వచ్చాడు. మేస్త్రి టేపు అతని చేతికిచ్చి నిచ్చెనెక్కమన్నాడు. కోచ్ రెండుసార్లు కొలిచాడు.

"పొరపాటు నాది సార్," అన్నాడు మేస్త్రి. "వాడిది కాదు. ఇక్కడ గెలిచిన ఐదూ పోతాయా?"

ఇక్కడికొచ్చిన జట్ల బంతులు దాటిపోయి వెనక అంచుకు కొట్టుకుంటుంటే, మన హాలులో అడుగుపెడితే వాళ్ళకు కాళ్ళాడవని గొప్పలు పోయింది కోచే. చివరికి, పోతే పోనీ, ముందు చెప్పాల్సినవాళ్ళకు చెబుదామన్నాడు. టోర్నమెంటు కమిటీకి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. తర్వాత చొక్కా చేతులు మడిచి నిచ్చెన పట్టుకున్నాడు. మధ్యాహ్నం రెండింటికి రింగులున్న రెండు బోర్డులూ గోడకు కొత్త బోల్టుల మీద ఐదు సెంటీమీటర్లు పైకెక్కాయి. ఈసారి మేస్త్రి నేల నుంచి కొలిచాడు. ఎర్ర గీత మీద సున్నం కొట్టాడు.

కుర్రాళ్ళకు ఏమీ చెప్పవద్దు, ఎలా వేస్తారో చూద్దామన్నాడు కోచ్.

అయిదింటికి మేనల్లుడు అందరికంటే ముందు వచ్చాడు. మేస్త్రి నిచ్చెన పక్కన నిలబడి బోల్టులు డబ్బాలో వేసుకుంటున్నాడు. వాడు ఎప్పుడూ నిలబడే చోట, రింగుకు ఆరున్నర మీటర్ల దూరంలో, నిలబడి ఒక బంతి వేశాడు. ముందంచుకు తగిలింది. ఇంకొకటి తీసుకుని వేశాడు. అదీ అక్కడే తగిలింది.

మూడోది వేయలేదు. బంతిని పొట్టకు ఆనించుకుని రింగు వైపు చూశాడు.

"మావయ్యా, ఇది మన రింగు కాదు."

"మరెవరిది?"

"బయటి హాళ్ళల్లో ఉంటుందే, అది."

బెంచీ దగ్గరున్న కోచ్ వాడి దగ్గరికి నడిచి, నీకెలా తెలుసని అడిగాడు.

"చేతికి తెలుస్తుంది సార్."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీరు భయం అన్నారు. భయమంటే ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను."

కోచ్ బెంచీ మీద కూర్చున్నాడు. మేస్త్రి మేనల్లుడి చెయ్యి పట్టుకుని చూశాడు. మామూలు చెయ్యి. గోళ్ళు కొరికి ఉన్నాయి, చూపుడువేలికి ప్లాస్టర్ ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళు టేపు పట్టిన తనకు కాళ్ళ కిందే తెలియని ఐదు సెంటీమీటర్లు ఆ చేతికి ఆరున్నర మీటర్ల అవతల తెలిశాయి. ఆ చేతిని అతను వెంటనే వదల్లేదు. వాడే చివరికి నవ్వి, "ఇచ్చెయ్ మావయ్యా, పనుంది," అన్నాడు.

ఆ సాయంత్రం మేస్త్రి ఇంటికి వెళ్ళలేదు. రింగు కింద నిలబడి బంతులు అందించాడు. మొదటి వందలో ఇరవై రెండు పడ్డాయి. రెండో వందలో ముప్పై ఎనిమిది. శుక్రవారం కాలేజీ అయ్యాక మళ్ళీ మొదలుపెట్టారు. వాడు భుజం మార్చలేదు, అడుగు మార్చలేదు. ఏం మారుస్తున్నావని మేస్త్రి అడిగితే, ఏమీ లేదు, చెయ్యే చూసుకుంటుందన్నాడు. చివరి వందలో అరవై మూడు పడ్డాయి.

కమిటీ జవాబు శుక్రవారం మధ్యాహ్నమే వచ్చింది. రెండు జట్లూ అదే రింగుకు ఆడాయి, స్కోరు కాగితాల మీద ఇద్దరు కెప్టెన్లూ సంతకాలు పెట్టారు, ఫలితాలు మారవు. ఆరింటికి కోచ్ జాబితా అంటించాడు. మేనల్లుడి పేరు ఏడోది. కోచ్ కుర్రాళ్ళను కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పి, బస్సులో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. కెప్టెన్ మాత్రం ఊరుకోలేదు.

"పులి బానే ఉంది సార్. ఇంటికే కప్పు కిందికుంది."

అందరూ మేస్త్రి వైపు చూసి నవ్వారు. మేస్త్రీ నవ్వాడు.

శనివారం ఆటకు ముందు అతను అవతలి కాలేజీ వాళ్ళను అడిగి, నిచ్చెన తెప్పించుకుని రెండు రింగులూ కొలిచాడు. మూడు మీటర్ల ఐదు. చెల్లెలు రెండో వరసలో అతని పక్కన ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఆట మొదలైన మూడో నిమిషంలో మేనల్లుడు మొదటి బంతి వేశాడు. అది రింగును తాకకుండా నెట్‌లోంచి జారింది. చెల్లెలు అన్నయ్య మణికట్టు పట్టుకుంది, ఆట అయ్యేదాకా విడవలేదు.

ఆట సాయంత్రం ఆరూ యాభైకి ముగిసింది. అరవై నాలుగు, అరవై ఒకటి. జట్టు పై రౌండుకు వెళ్ళింది. మేనల్లుడు పద్నాలుగు వేస్తే తొమ్మిది పడ్డాయి. తప్పిన ఐదింటిలో మూడు వెనక అంచుకు, రెండు పక్క అంచుకు తగిలాయి. ముందంచుకు ఒక్కటీ తగల్లేదు.