నంది ఎడమ పక్క

సిరికి మూడేళ్లు నిండకముందే కన్నతల్లి పోయింది. అప్పటినుంచీ తల్లీ తండ్రీ అన్నీ జేజి ప్రమీలమ్మే, అంటే నాయన తల్లి. సిరికి నడక ఆలస్యం, మాట ఇంకా ఆలస్యం, అక్షరమైతే తలకెక్కనే లేదు. ఇప్పుడు ఇరవై రెండేళ్లు వచ్చినా జడ వేసేది జేజే, అన్నం కలిపేది జేజే. ఎవరైనా పేరడిగితే పిల్ల నోరు తెరిచేలోపల చెప్పేసేదీ జేజే. ప్రేమ అలాంటిది మరి, ముద్ద నోట్లో పెడుతుంది గానీ తీరిగ్గా నమలనివ్వదు.

ఇలాంటి పిల్లలున్న ఇళ్లవాళ్లు నంద్యాలలో ఇరవైమంది కలిసి, పాత వడ్ల గోడౌను ఒకటి బాగుచేసుకుని కేంద్రం పెట్టుకున్నారు. నడిపేది కృపావతి టీచరు. ఆ మనిషిని ఎంత మెచ్చుకున్నా ఇంకా కొంచెం మిగిలే ఉంటుంది. ఆమె దగ్గర పలకలు తక్కువ, పనులు ఎక్కువ. ఉల్లిగడ్డలు తరగాలి, బట్టలు మడవాలి, బస్సెక్కి ఊరి పేరు చెప్పి టికెట్టు అడగాలి. అసలు పాఠం మాత్రం పెద్దవాళ్లకు. వారానికొక రోజు అమ్మలూ అవ్వలూ గోడవారగా కూర్చుని, చేతులు కొంగులో చుట్టుకోవాలి. పిల్లలు అన్నం ఒలకబోసుకున్నా, గుండీలు తప్పు పెట్టుకున్నా కొంగు విప్పకూడదు. మొదటిరోజు ప్రమీలమ్మ అలా కూర్చునే ఏడ్చింది.

సిరి గిన్నె తుడిస్తే తనకు తృప్తి అయ్యేదాకా తుడుస్తుంది, ఎవరు పిలిచినా వదలదు. అందరూ దాన్ని మొండితనమన్నారు. కృపావతికి మాత్రం అందులో పని కనిపించింది. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే శాంతయ్య కొట్టానికి నాలుగుసార్లు తిరిగి, ఆయన్ను ఒప్పించింది. పదిహేను రోజులు చూస్తాను, పనికొస్తే ఉంచుకుంటాను, లేకుంటే లేదు అన్నాడాయన. జేజి బస్సులో తోడు రావచ్చు గానీ రాయి ముట్టకూడదని కృపావతి ముందే చెప్పి పంపింది.

మూడడుగుల నల్లరాతి నందిని సిరికి అప్పగించారు. నీళ్లు చల్లుతూ, గరుకురాయితో సున్నా చుట్టినట్టు రుద్దుతూ నునుపు తేవాలి. సిరి కూర్చుంది. రుద్దింది, రుద్దింది. పద్నాలుగో రోజుకు కుడిపక్క మాత్రమే అయింది. ఎడమపక్క ఇంకా ముట్టనే లేదు.

ప్రమీలమ్మకు గుండెల్లో రాయి పడింది. తనకు అరవై ఎనిమిది. తన కాళ్లు ఆడినన్నాళ్లు సరే, ఆ తర్వాత ఈ పిల్లకంటూ ఒక చోటు, ఒక పని ఉండాలి గదా. సగం నందిని చూసి ఎవరు ఉంచుకుంటారు? అందరూ అన్నాలకు లేచిన వేళ గరుకురాయి తీసుకుని, అంట్లు తోమినట్టు పైకీ కిందికీ గబగబా రుద్దేసింది. నీళ్లు పోసి చూస్తే అద్దంలా మెరిసింది. సిరి వచ్చి చూసి, కాలేదు జేజీ అంది. అయిందిలే, నువ్వే చేసినావని చెప్పు అంది ప్రమీలమ్మ.

తడిరాయి అందరికీ నునుపుగానే కనిపిస్తుందని, ఆరితేనే గీతలన్నీ బయటపడతాయని పాపం ఆమెకేం తెలుసు.

పదిహేనో రోజు కృపావతి కూడా వచ్చింది. శాంతయ్య కళ్లు మూసుకుని, పొడిరాయి మీద అరచెయ్యి ఆనించి కుడిపక్క నిదానంగా నిమిరాడు. ఎడమపక్కకు వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

"అమ్మణ్ణీ, రెండు పక్కలా నువ్వే రుద్దినావా?"

"అంతా పాపే నాయనా," అంది ప్రమీలమ్మ.

"నేనడిగింది పాపను."

సిరి లేచి నంది చుట్టూ తిరిగింది. ఒక్కో పక్కా తట్టి చూపించింది.

"ఈ పక్క నాది. ఆ పక్క జేజిది." గీతల మీద వేలు పెట్టి మళ్లీ అంది. "జేజికి తొందర."

కొట్టంలో పనివాళ్లంతా ఉలులు దించి నవ్వారు. ప్రమీలమ్మకు నవ్వు రాలేదు. కట్టిందంతా తన చేత్తోనే కూల్చుకున్నాననుకుంది.

"తప్పు నాది అప్పా. నన్ను తిట్టు, పాపను పంపీవాకు."

"పాపనెందుకు పంపుతా పెద్దమ్మా?" అన్నాడు శాంతయ్య. "ముప్పై ఏండ్లుగా పనోళ్లను చూస్తాండా. చెయ్యి కుదరాలంటే ఏడాది పడ్తాది. యాడో ఒకచోట తొందరపడి గీత పెడ్తారు. ఈ పాపకు ఆ రోగం లేదు. పంపాల్సింది నిన్ను. సోమవారం నుంచి పాప ఒక్కతే బస్సు దిగాల, మా ఆడోళ్లు స్టాండు కాడికొస్తారు."

ప్రమీలమ్మ కృపావతి వైపు చూసింది, కోప్పడుతుందేమోనని. సోమవారం సిరిని ఒక్కదాన్నే బస్సెక్కించి నువ్వు వెనక్కి తిరగగలవా అని మాత్రం అడిగింది కృపావతి.

ఈలోపల సిరి చెంబుతో నీళ్లు తెచ్చి ఎడమపక్క కూర్చుంది. మధ్యాహ్నమైంది, పొద్దు వాలింది, నంద్యాల బస్సుకు వేళైందని జేజి రెండుసార్లు పిలిచింది.

"నువ్వు పో జేజీ," అంది సిరి తలెత్తకుండా. "గీతలు చానా ఉండాయి."