ప్రమాణానికి పెట్టిన పేరు

మా కుట్టుషాపులో పొద్దున్నే ముందు తెరుచుకునేది మిషన్లు కాదు, ఓ రేకుడబ్బా. బైబిల్లో దేవుడికున్న పేర్లన్నీ షాపు నడిపే మేడమ్ కార్డుల మీద రాసి అందులో వేసింది. రోజూ ఒకరు ఒక కార్డు తీసి చదవాలి. యెహోవా యీరే వస్తే సమకూర్చేవాడు, యెహోవా షాలోము వస్తే సమాధానమిచ్చేవాడు. ఒక్క పేరు మాత్రం మేడమ్ సొరుగులో ఉంటుంది. ‘చూచుచున్న దేవుడు’. ఏదైనా తప్పు జరిగితేనే అది బయటికొస్తుంది. అందరం దానిమీద చెయ్యిపెట్టి ‘నేను చెయ్యలేదు’ అనాలి. పదిహేడేళ్ళుగా అక్కడ ఇస్త్రీ చేస్తున్నా, ఆ పేరంటే నాకు పోలీసే.

ఆ రోజు అది బయటికొచ్చింది. సాయంత్రం అప్పగించాల్సిన చర్చి క్వయర్ గౌనొకటి వీపు దగ్గర మాడిపోయింది. మాడ్చింది నేనే. తొందరలో తడిగుడ్డ పరవకుండా శాటిన్ మీద పెట్టె ఆనించేశాను. గబుక్కున మడిచి, గుండీలు కుట్టాల్సిన దొంతర అడుగున దూర్చేశాను. చిన్న ఇస్త్రీపెట్టె ఒకటి అందరి చేతుల్లోనూ తిరుగుతుంది కాబట్టి అనుమానం నా ఒక్కదానిమీదే పడదు. ఈ వయసులో నన్నింకెవరు పనిలో పెట్టుకుంటారు?

ఆ దొంతర గుండీల పిల్లది. పనిలో చేరి మూడు నెలలైంది. మొగుడు వదిలేసి పోయాడు, కడుపులో ఆరో నెల. నన్ను నోరారా అక్కా అంటుంది.

మధ్యాహ్నం మాడిన గౌను బయటపడగానే మేడమ్ ఆ కార్డు తెచ్చి బల్లమీద పెట్టింది. కత్తెర పెద్దాయన చెయ్యిపెట్టి, “నేను చెయ్యలేదమ్మా” అన్నాడు. కాజాల వదిన కూడా అంది. తర్వాత గుండీల పిల్ల, ఆ తర్వాత నేను. అబద్ధమాడ్డానికే సిద్ధపడ్డాను, దాచడమెందుకు.

గుండీల పిల్ల చెయ్యి పెట్టలేదు.

“దీనిమీద ప్రమాణం చెయ్యను మేడమ్.”

“అయితే తప్పు నీదేగా?”

“నేను మాడ్చలేదు. కానీ ఈ పేరు పెట్టింది హాగరు కదండీ. దాసీది, కడుపుతో ఉంది. యజమానురాలి బాధ పడలేక అడవిలోకి పారిపోయింది. తననెవరూ పట్టించుకోరనుకుంటే ఆయనే వెతుక్కుంటూ వచ్చాడు. ఆ సంతోషంతో పెట్టుకున్న పేరు. దీంతో మనుషుల్ని భయపెడతారా?”

యజమానురాలన్న మాటకి మేడమ్ మొహం కందగడ్డయింది.

“నాకే బైబిల్ చెప్తావా? తట్టాబుట్టా సర్దుకో!”

ఆ పిల్ల సూదులడబ్బా సంచిలో వేసుకుంది. మేడమ్ కార్డు సొరుగులో పడేసింది. నా వంతు రాకుండానే గండం గడిచింది. ఊపిరి పీల్చుకోవాల్సింది పోయి, నామీద నాకే అసహ్యం వేసింది.

“మాడ్చింది నేను మేడమ్,” అన్నాను.

“మరి పొద్దున్నుంచీ నోట్లో ఏం పెట్టుకున్నావ్? దేవుడు చూస్తున్నాడన్న భయమైనా లేదా?”

“ఆయన పొద్దున్నే చూశాడు. చూసి కూడా నన్ను పొమ్మనలేదు. నా భయమంతా మీరంటేనే.”

మేడమ్ ఆ పిల్లని కూర్చోమంది. నాకు వేలితో గుమ్మం చూపించింది.

మెట్లు దిగుతుంటే ఏడుపు ఆగలేదు. చెప్పులేసుకోవడం కూడా మర్చిపోయాను. గుండీల పిల్ల ఆయాసపడుతూ వాటిని తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది.

“నువ్వు నా దొంతరలో దూర్చడం పొద్దున చూశానక్కా,” అంది.

“మరి చెప్పలేదేం? నీ పని పోయేది కదే!”

“నువ్వే చెప్తావనుకున్నా.”